అవిసె నూనె మీద పసుపునీళ్ళు

మొన్న మా పుట్టింట్లో ఏదో శుభకార్యమైతే వెళ్ళాను. భోజనాలయ్యాక మా తమ్ముడి కొడుకు వచ్చిన చుట్టాలను వెంటేసుకుని ఇల్లు చూపించడం మొదలుపెట్టాడు. వీధి వైపు కిటికీల దగ్గర ఆగి, రెక్క మీద అరచేత్తో తట్టి, "మా తాతగారు వీటిని కన్నబిడ్డల్లా చూసుకునేవారండి. అందుకే ఇన్నేళ్ళయినా ఇలా ఉన్నాయి" అన్నాడు. అందరూ ఆహా అన్నారు. నాకు ఒళ్ళు మండిపోయింది. వాడి తాతగారంటే మా నాన్న. మా నాన్న ఆ కిటికీలను ముట్టుకున్నది ఒక్క పనికే. తాంబూలం వేసుకున్నాక వేలికి మిగిలిన సున్నం రాయడానికి.

అక్కడితో ఊరుకున్నా బాగుండేది. "మిగతావన్నీ నల్లగా మెరుస్తున్నాయి, గుమ్మం పక్కది మాత్రం ఇలా బూడిద పూసినట్టుందేమండీ?" అని చుట్టాల్లో ఒకావిడ అడిగింది. "ఎండ అటే కొడుతుందండి" అన్నాడు వాడు, తడుముకోకుండా. మా ఇంటి వీధి ముఖం ఉత్తరం. చూరు నీడన ఉండే ఆ గోడ మీద ఎండ పడగా నేనెన్నడూ చూడలేదు. తెలియకపోతే తెలియదనొచ్చు కదా. అందుకే ఇది రాస్తున్నాను.

ఆ కిటికీలను చూసుకున్న మనిషి వేరే ఉన్నారు. ఊరవతల పేటలో ఉండేవారు. పేరు నాకు తెలుసు, కానీ ఇక్కడ రాయను. మా ఇంట్లో ఒక్కరూ ఒక్కనాడూ ఆయన్ని పేరు పెట్టి పిలవలేదు. 'కిటికీలవాడొచ్చేడు', 'కిటికీలవాడికి కబురెట్టండి', అంతే. అప్పుడు నోట పలకని పేరుని ఇప్పుడు మా తమ్ముడి కొడుకు చుట్టాల ముందు గొప్పగా పలకడం నాకిష్టం లేదు. వయసులో మా నాన్నకంటే పెద్దవారు. అయినా మా నాన్న నుంచి చంటిపిల్లల దాకా అందరికీ ఆయన 'వాడే'. నేను మాత్రం ఆయన అనే రాస్తాను. అదైనా నా చేతిలో ఉంది.

పొట్టి మనిషి. భుజాన నూనె పీల్చి పీల్చి బిరుసెక్కిన గుడ్డల మూట, చేతిలో సన్నటి వెదురుకర్ర. వీధి చివర ఉండగానే అవిసె నూనె వాసన వచ్చేది. పాత టేకు కిటికీలు తోమి, నూనె పట్టించడమే వృత్తిగా బతికిన మనిషి మా కొత్తపేట చుట్టుపక్కల ఇంకొకరున్నట్టు నేను వినలేదు. లాకుల దగ్గర, కాలవల మీద అధికారం చేసే ఇంగ్లీషు దొర బంగళా ఉండేది. చిన్నతనంలో అక్కడ పనికి కుదిరితే దొరసాని ఈ పని నేర్పిందట. కుంకుడు రసంలో కొబ్బరిపీచు ముంచి తోమాలి. నీడలో ఆరనివ్వాలి. ఆ తరవాత అవిసె నూనె గుడ్డతో అద్ది, చెక్క ఇంక పీల్చననేదాకా రుద్దాలి. ఆ దొర బదిలీ అయి వెళ్ళిపోయాక ఊళ్ళోని పెద్దిళ్ళవాళ్ళకి బంగళా మెరుపు మీద మోజు పుట్టింది. అలా ఆయన మా కిటికీలకొచ్చారు.

కిటికీలకే వచ్చారు. ఇంట్లోకి రాలేదు. ఏటా కార్తీకం వెళ్ళి వానలు వెనకబట్టాక వచ్చేవారు. రెక్కలు బయటికి తెరుచుకునేవి కాబట్టి వీధిలో నిలబడే రెండు వైపులా తోమొచ్చు. చిక్కంతా ఇనుప ఊచలతో వచ్చింది. ఊచల వెనక వైపు తుడవాలంటే చెయ్యి లోపలికి రావాలి. చెయ్యి లోపలికొస్తే మనిషి లోపలికొచ్చినట్టా, కాదా? నవ్వకండి. మా ఇంట్లో దీని మీద పెద్ద చర్చ జరిగింది. చివరికి మా మామ్మ, అంటే మా నాన్నని కన్నతల్లి, మణికట్టు దాకా అయితే ఫరవాలేదని తేల్చింది.

"మణికట్టు దాకా అయితే ఊచ ఎనకాల ఎలాగ తుడుత్తానండి పెద్దమ్మగోరూ? మోచెయ్యి రావాలండి."

"మోచెయ్యి రాకూడదురా."

"దొరగారి పడగ్గదిలో కుర్చీ ఎక్కి తుడిసేనండి. దొరసానిగారే కుర్చీ ఏసేరండి."

"వాళ్ళకి ఆచారాలెక్కడివిరా?"

అదిగో, ఆ వెదురుకర్ర అందుకొచ్చింది. కొసకి గుడ్డ చుట్టి, ఊచల సందులోంచి లోపలికి పెట్టి, వెనక్కి గీరి తుడిచేవారు. కర్ర ఇంట్లోకి రావచ్చు. కర్రని పట్టుకున్న చెయ్యి రాకూడదు. అలా తుడిస్తే సరిగ్గా వస్తుందో రాదో ఆయనకి కనపడదు. అందుకని లోపల మా అమ్మగానీ నేనుగానీ నిలబడాలి. "పైన మూల మసి పోయిందాండి?", "మూడో ఊచ కిందండి?" అని బయటనుంచి అడిగేవారు. పని ముగిశాక ఎప్పుడూ ఒకటే ప్రశ్న. "లోపలికి ఎలాగ కనపడతందండి?" వెలుతురు ఎలా వస్తోందో, నేల మీద ఊచల నీడ ఎలా పడుతోందో మేం చెబితే విని తలూపేవారు. తను మెరిపించిన కిటికీని లోపలినుంచి ఒక్కసారి కూడా చూసుకోలేదు. ఇది తలుచుకున్నప్పుడల్లా నాకు మా వాళ్ళందరి మీదా కోపం వస్తుంది, చచ్చిపోయినవాళ్ళతో సహా.

మా ఇంట్లో మంచినీళ్ళు తాగేవారు కాదు. ఎత్తునుంచి దోసిట్లో పోస్తారు కదా, అది ఆయనకి గిట్టేది కాదు. దొడ్లో కొబ్బరిచెట్టు కింద రాలిన బొండం తనే కొట్టుకుని తాగేవారు. "దీన్ని తవరూ ముట్టుకోలేదు, నేనూ ముట్టుకోలేదండి. దేవుడే పోసి మూతెట్టేడండి" అనేవారు. అనేసి మా మామ్మ వైపు చూసేవారు. మామ్మ అటు తిరిగిపోయేది.

కోపిష్టి. అంతా ఇంతా కాదు. కానీ కోపం పెరిగినకొద్దీ ఆయన మాటల్లో 'అండీ'లు పెరిగేవి. మామూలుగా ఒక మాటకి ఒక 'అండి' అయితే, ఒళ్ళు మండినప్పుడు ప్రతి పదానికీ ఒకటి తగిలించేవారు. అంత మర్యాదగా కేకలేసే మనిషిని నేను మళ్ళీ చూడలేదు. ఆయన కోపమంతా సున్నం మీద. మాది తాంబూలాల ఇల్లు. ఆకుకి రాయగా వేలికి మిగిలిన సున్నం ఎక్కడ తుడుస్తాం? చేతికందిన చెక్కకి. కిటికీ పక్కన పడకకుర్చీలో కూర్చునేది మా నాన్న.

"ఎవరండీ, ఇక్కడండీ, సున్నం రాసిందండీ?" అని వీధిలోంచి కేక వినపడేది. "ఇది టేకండి! తవరి పంచె కాదండి! పంచైతే సాకలి ఉతుకుతాడండి. దీన్నెవరండీ ఉతుకుతారు? సున్నం సెక్కని కాల్సేత్తందండి, ఆయ్!"

తన ఎదుట రైతులందరూ నిలబడి మాట్లాడే మా నాన్న, వేలు పంచె మడతల్లో దాచుకుని, పేపరు అడ్డం పెట్టుకునేవారు. మా అమ్మ వంటింట్లో నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వేది. మళ్ళీ యేడు ఆయన వచ్చేసరికి అదే చోట అదే సున్నం ఉండేది. ఆయన మళ్ళీ అరిచేవారు.

ఇంతవరకూ అయితే నవ్వుకుని ఊరుకోవచ్చు.

ఆయన పని ముగించి వెళ్ళాక మామ్మ మామిడాకుతో నాలుగు పసుపునీటి చుక్కలు చిలకరించేది, మైల పోవడానికి. ఊళ్ళో అన్ని ఇళ్ళలోనూ అంతే. ఆయనకి తెలుసు. నాలుగు చుక్కలకి చెక్కకేమీ కాదు కాబట్టి తెలియనట్టుండేవారు. తరవాత దేశానికి స్వతంత్రం వచ్చింది. గుళ్ళలోకి అందరూ రావచ్చని చట్టం వచ్చింది. ఇంక పట్టింపులు తగ్గుతాయనుకుంటారు ఎవరైనా. తగ్గలేదు, పెరిగాయి. గుడి చేజారిపోతోందనుకున్నవాళ్ళు ఇంటిని గట్టిగా పట్టుకున్నారు. చుక్కలు పోయి చెంబులొచ్చాయి. ఆయన అటు వెళ్ళగానే కిటికీల మీద చెంబులకి చెంబులు పసుపునీళ్ళు గుమ్మరించడం మొదలుపెట్టారు.

పట్టించిన అవిసె నూనె ఆరకముందే నీళ్ళు పడితే చెక్క మీద తెల్లటి పొడలు లేస్తాయి. ఒక ఇంట్లో లేచాయి, పక్కింట్లో లేచాయి. నీళ్ళు గుమ్మరించినవాళ్ళు ఏమన్నారో తెలుసా? కిటికీలవాడు నూనెలో కల్తీ చేస్తున్నాడన్నారు. ముసలాడైపోయాడు, చెయ్యి పోయిందన్నారు. తాము పోసిన నీళ్ళ ఊసు ఒక్కరూ ఎత్తలేదు. ఒక్కొక్క ఇల్లే ఆయన్ని పిలవడం మానేసింది. చివరికి మా ఇల్లొకటే మిగిలింది.

ఆ యేడే నా పెళ్ళి కుదిరింది. మగపెళ్ళివారిది రాజోలు వైపు. అక్కడ కొత్తగా మేడ కట్టుకున్నారు, దానికి మా ఇంటికంటే ఎక్కువ కిటికీలు. "జాగ్రత్తగా చెయ్యరా. నచ్చిందంటే వాళ్ళే పడవ పంపించి పిలిపించుకుంటారు" అని మా నాన్న ఆయనతో అన్నారు. ఆయన ముఖం వెలిగిపోవడం నేను ఊచల వెనకనుంచి చూశాను. ఊళ్ళో పోయిన పేరు మా ఇంటి ముందు మళ్ళీ నిలబడుతుందని ఆయన ఆశ. మెరుపు నిలిస్తే రాజోలు. పొడలు లేస్తే, కల్తీ మనిషని మా ఊరితో పాటు పరాయి ఊరు కూడా అంటుంది.

అందుకే పని మొదలుపెట్టే ముందు గుమ్మం ఎదుట నిలబడి మా మామ్మని పిలిచారు.

"పెద్దమ్మగోరూ, ఒక్క మాటండి. జల్లొద్దని నేననకూడదండి, తవరి ఆచారం తవరిది. నూనె ఆరేదాకా ఆగండి. ఆరేక ఎంత జల్లుకున్నా ఫరవాలేదండి. ముందే జల్లితే పొడలొచ్చేత్తాయండి. పొడలొత్తే నన్నంటారండి."

"సర్లేరా. ఆరేదాకా జల్లను."

"మాటేనాండి?"

"మాటేరా. వెళ్ళి పని చూసుకో."

ఆ పని ఆయన ఎంత శ్రద్ధగా చేశారో నేను చెప్పలేను. ఇంటికి వెల్ల వేస్తున్నవాళ్ళు సున్నపు నీళ్ళు చిందిస్తుంటే వాళ్ళకీ కిటికీలకీ మధ్య కొబ్బరాకులు అడ్డం కట్టుకున్నారు. కర్ర కొస గుడ్డ మార్చి మార్చి తుడిచారు. రెక్కలకీ ఊచలకీ నూనె పట్టించి, "ముట్టుకోకండి, రేపొచ్చి పొడిగుడ్డేసి రుద్దుతానండి, అప్పుడు సూడండి" అని వెళ్ళారు.

మర్నాడు నన్ను పెళ్ళికూతుర్ని చేశారు. తెల్లవారుతూనే నా పాదాలకి పారాణి పెట్టడానికి మామ్మ పసుపూ సున్నం కలిపింది. అది పెట్టి, అదే చేత్తో చెంబు అందుకుని, వీధిలోకి వెళ్ళి కిటికీల మీద పసుపునీళ్ళు గుమ్మరిస్తోంది. నేను లోపలినుంచి చూసి పరుగెత్తాను.

"మామ్మా! మాటిచ్చేవు కదా!"

మామ్మ చెంబు కిందికి దించి నా వైపు వింతగా చూసింది. "వాడికిచ్చింది కూడా ఒక మాటేనటే?" అంది.

కోపంగా అనుంటే నేనూ కోపంగా ఏదో అనేదాన్ని. మామ్మ నిజంగానే ఆశ్చర్యపోయి అడిగింది. నాకు తెలియనిదేదో ఓపిగ్గా చెబుతున్నట్టు అడిగింది. అన్నం పెట్టి, కథలు చెప్పి, జడలేసి పెంచిన మనిషి. ఆ ఒక్క మాటకి ఆవిడ్ని నేను ఇప్పటికీ క్షమించలేదు.

మధ్యాహ్నానికి పొడలు లేచాయి. సరిగ్గా అప్పుడే మా మామగారి అన్నగారు విడిది ఏర్పాట్లు చూసుకోవడానికి పడవ దిగి వచ్చారు. మా నాన్నా ఆ పెద్దమామగారూ, పెళ్ళికొచ్చిన మా చుట్టాలూ వీధిలో నిలబడ్డారు. పాలేళ్ళందరూ సామాన్లు మోసుకుని విడిదింటికి వెళ్ళారు. పొడిగుడ్డలు పట్టుకుని ఆయన కూడా అప్పుడే వచ్చి, కిటికీలను చూసి, కదలకుండా నిలబడిపోయారు.

"ఏంటండి బావగారూ, కిటికీలకి బొల్లొచ్చినట్టుందేంటండి?" అన్నారు పెద్దమామగారు.

"పనివాడి చెయ్యి పోయిందండి. నూనెలో ఏం కలిపేడో ఏంటో" అన్నారు మా నాన్న.

పొద్దున్న ఆ పసుపునీళ్ళు తొక్కుకుంటూనే అరుగు దిగారు మా నాన్న. ఖద్దరు కట్టేవారు. అమలాపురంలో ఏదో సభలో అంటరానితనం మహాపాపమని మాట్లాడి చప్పట్లు కొట్టించుకొచ్చారు. అంత మాట్లాడగలిగిన నోటికి, 'మా అమ్మ నీళ్ళు పోసింది' అన్న చిన్న మాట రాలేదు.

"అయ్యగోరూ, నూనెలో నేనేం కలపలేదండి. పొద్దున్న నీళ్ళు పడ్డాయండి" అన్నారాయన.

"నోర్ముయ్యి. పెద్దలు మాట్లాడుతున్నారు."

నాకింక ఒళ్ళు తెలియలేదు. గుమ్మం పక్క కిటికీ దగ్గరికొచ్చి ఊచలు పట్టుకుని అరిచాను. "మా మామ్మ జల్లింది! జల్లనని మాటిచ్చి జల్లింది! అతని తప్పేం లేదు!"

అందరూ నా వైపు తిరిగారు. పెళ్ళికూతురు వీధిలోకి వినపడేలా అరవడం! పెద్దమామగారు, "పిల్లకి నోరుందండోయ్" అన్నారు. మా నాన్న ముఖం మాడిపోయింది. మా అమ్మ వెనకనుంచి నా జబ్బ పట్టుకుని లాగుతోంది. కిటికీల సంగతి గాలికి పోయింది, నా నోటి సంగతి మొదలైంది. నిజం చెబితే మా వాళ్ళకి వినపడింది గొంతు ఒక్కటే.

వినిపించుకున్నది ఆయనొక్కరే. దగ్గరికొచ్చి, నా చేతుల వైపు చూసి, "సిన్నమ్మగోరూ, ఊచలొదలండి. నూనింకా ఆరలేదండి. ముద్దర్లు పడతాయండి" అన్నారు.

అంత జరుగుతున్నా ఆయన ధ్యాస కిటికీ మీదే. నేను చేతులు తీసేశాను. ఆయన ఆ కిటికీ రెక్కలను పైనుంచి కిందికోసారి చూశారు. ఆ తరవాత వెళ్ళి, వెల్ల వేయగా మిగిలిన సున్నం ఉన్న తొట్టి దగ్గర వంగారు.

మా నాన్న వేలి కొసతో రాస్తేనే ఇల్లెగిరిపోయేలా అరిచిన మనిషి, దోసిళ్ళతో సున్నం తెచ్చి కిటికీకి పులిమారు. రెక్కలకి, చట్రానికి, అంతటా. కొబ్బరిపీచు తీసుకుని రుద్దడం మొదలుపెట్టారు. నూనె నురగలా లేచి వచ్చేస్తోంది.

"ఏరా, పిచ్చెక్కిందేంట్రా?" అని అరిచారు మా నాన్న.

"లేదండి. నా పని నేను తీసేసుకుంటన్నానండి. కిటికీ తవరిదండి. నూనె తవరిదండి. సుట్టాలు తవరోరండి. పనొక్కటే నాదండి. పాడైన పని మీద నా పేరుండకూడదండి."

"ఆపరా! ఆపండెవరైనా!"

ఎవరాపుతారు? ఆపాలంటే ఆయన చెయ్యి పట్టుకోవాలి. పట్టుకుంటే మళ్ళీ స్నానం చెయ్యాలి. శుభకార్యమని అందరూ తలంట్లు పోసుకుని పట్టుబట్టల్లో ఉన్నారు. పాలేళ్ళు విడిదింట్లో ఉన్నారు. అంతమంది మగవాళ్ళు వీధిలో నిలబడి గొంతులు చించుకున్నారే తప్ప ఒక్కరూ ఒక్క అడుగు ముందుకెయ్యలేదు. సున్నం చిందితే వెనక్కి మాత్రం వేశారు. వాళ్ళు కట్టుకున్న ఆచారమే ఆ కాసేపూ ఆయనకి కాపలా కాసింది. ఆయన తొందరపడకుండా, ఎప్పుడూ పనిచేసేంత శ్రద్ధగానే, ఆ కిటికీ మొత్తం గీకేశారు. గుడ్డతో తుడిచేసరికి లోపలి చెక్క పాలిపోయి బయటపడింది. సున్నం చెక్కని కాల్చేస్తుందని ఏటా చెప్పేవారు కదా. తరవాత దాని మీద ఎంత వార్నిషు వేసినా పొరలు పొరలుగా లేచిపోయింది. మా తమ్ముడి కొడుకు చెప్పే ఎండ అదే.

వెదురుకర్రని మా గోడకి ఆనించి వదిలేశారు. అది మా ఇంటి కోసం కోసుకున్న కర్ర. మూట భుజాన వేసుకుని, గుమ్మంలో నిలబడ్డ మా మామ్మ వైపు తిరిగారు.

"పెద్దమ్మగోరూ, ఇప్పుడు జల్లుకోండి. తవరికెన్ని సెంబులు కావాలంటే అన్ని సెంబులు జల్లుకోండి. ఆయ్."

వెళ్ళిపోయారు. మళ్ళీ మా ఊరి కిటికీలను ముట్టుకోలేదు. లాకుల బంగళాలో కాపలా పనికి కుదిరారనీ, అక్కడే పోయారనీ నేను కాపురానికి వెళ్ళిన చాలా కాలానికి విన్నాను. బంగళాలో ఉన్నన్నాళ్ళూ కిటికీలను లోపలినుంచే చూసుకుని ఉంటారు. నాకు ఉన్న ఊరట అదొక్కటే.

ఆ రోజు సంగతి ఇంకొంచెం ఉంది. ఆయన వీధి మలుపు తిరిగారో లేదో, మా మామ్మ చెంబు నింపుకొచ్చింది. అంత జరిగాక కూడా. పెద్దమామగారి ముందు, ఊరి ముందు, సున్నం ఇంకా చెమ్మ ఆరని ఆ కిటికీ మీద చెంబుడు పసుపునీళ్ళూ గుమ్మరించింది. పసుపూ సున్నం కలిస్తే ఏమవుతుందో ఆవిడకి తెలియనిది కాదు. పొద్దున్నే నా పాదాలకి కలిపింది ఆవిడే. ఆ కోపంలో ఆ సంగతే తట్టలేదు.

కిటికీ పైనుంచి కిందిదాకా ఎర్రగా తిరిగింది. రెక్కల మీదనుంచి ఎర్రటి నీళ్ళు గోడకి వేసిన కొత్త వెల్ల మీదికి జారాయి. పెళ్ళయ్యేదాకా ఎంత కడిగినా పోలేదు. నా పెళ్ళికి వచ్చినవాళ్ళందరూ ఆ గుమ్మం ముందు ఆగి దాన్ని చూసే లోపలికొచ్చారు. ఈసారి మాత్రం పనివాడి చెయ్యి పోయిందని ఎవరూ అనలేదు.